ఎండకు ఎదురుగా

“గడ్డం జర పైకెత్తు బిడ్డా,” అంది తల్లి ఐలవ్వ.

సదానందం ఎత్తాడు. సూర్యుడు సూటిగా కళ్ళల్లో పడ్డాడు. వాకిలంతా ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కొమ్ములు. ఎండ వాటి మీద పడి లేచి గోడలకూ గాలికీ రంగు పూస్తోంది. సూర్యుణ్ణి వీపున పెట్టుకుని నిలబడ్డ అవ్వ, అంచులు మాత్రమే వెలిగే నీడలా ఉంది.

బతుకమ్మ పండుగప్పుడు భార్య జమున తన కాలేయంలో సగం ఇచ్చి అతన్ని బతికించుకుంది. ఇంటికి పంపేటప్పుడు హైదరాబాద్ డాక్టర్ హెచ్చరించాడు. “పైత్యం పోయే సన్నటి గొట్టం అతుకు దగ్గర ఇరుకైతే ఈ కాలేయం కూడా పాడవుతుంది. ముందు దురద, తర్వాత కళ్ళు పచ్చబడటం. ఏది కనిపించినా ఆగొద్దు.”

ఎవరికి కామెర్ల అనుమానమొచ్చినా మెట్‌పల్లి పక్క ఊళ్ళలో పొద్దుటి ఎండలో పెద్దలే కళ్ళు చూస్తారు. ఆ పని ఐలవ్వ తీసుకుంది. మోకాళ్ళ నొప్పులని కోడలి చెయ్యి పట్టుకుని వాకిట్లోకి వచ్చేది. “ఎండ మంచిగెక్కిందా జమునా?” అని అడిగేది. కొడుకు భుజాల నుంచి మణికట్ల దాకా నిమిరి, మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, “మల్లెపూల లెక్కున్నయ్. ఫికర్ లేదు,” అనేది.

ఈమధ్య సదానందానికి ఒకటే కల. కాలువ నిండుగా పారుతుంటుంది, మడికి మాత్రం నీళ్ళు రావు. తూములో అడ్డుపడ్డ మట్టిని గోళ్ళతో గీకుతుంటాడు. మెలకువ వస్తే గీకుతున్నది తన చేతులనే.

జమున అడిగితే “పసుపు దుమ్ము,” అన్నాడు. పొడుగు చేతుల చొక్కాలు తొడగడం మొదలుపెట్టాడు. నవ్వొచ్చినా కుట్లు పట్టుకుని నవ్వే మనిషితో, నువ్విచ్చింది పాడవుతోందేమో అని ఎలా అంటాడు?

ఇవ్వాళ అవ్వ వేళ్ళు చొక్కా చేతుల్లోకి దూరి, ముంజేతి దగ్గర ఆగాయి. అక్కడే చాలాసేపు ఉండిపోయాయి.

“కండ్లు పచ్చగున్నయ్ రా,” అంది.

“పసుపు నీడ పడ్డదే అవ్వా.”

“పసుపేందో కామెర్లేందో నాకెరుక లేదా? జమునా, నువ్వు చూడు.”

జమున వంగి అతని కళ్ళల్లోకి చూసింది. తర్వాత అత్త చెయ్యి ఎక్కడుందో చూసింది.

“పచ్చగనే ఉన్నయ్. లే, పోదాం,” అంది.

అద్దం చూసుకునే ధైర్యం అతనికి లేకపోయింది. హైదరాబాద్ పోతున్న కారు అద్దంలోంచి పసుపు కల్లాలు ఒకటొకటే వెనక్కి జారిపోతుంటే, ఇదీ కలేనేమో అనుకున్నాడు.

డాక్టర్ వేలితో కింది రెప్ప లాగి చూశాడు.

“పచ్చగా ఉన్నాయని ఎవరన్నారు? తెల్లగా ఉన్నాయి.”

సదానందం ప్రాణం లేచి వచ్చింది. “మా అవ్వ పసుపు నీడకు మోసపోయింది సార్,” అంటూ లేవబోయాడు. జమున అతని చొక్కా చేతులు పైకి మడిచింది. డాక్టర్ గోళ్ళ గీతలు చూశాడు. రక్తం తీయించాడు, స్కాన్ చేయించాడు.

“అతుకు దగ్గర ఇరుకు మొదలైంది. కళ్ళు పచ్చబడేదాకా ఆగితే కాలేయం దెబ్బతినేది. ఇప్పుడు కోత అక్కర్లేదు. నోట్లోంచి గొట్టం పంపి వెడల్పు చేస్తాం.”

మర్నాడు అది అయిపోయింది. మత్తు సగమే దిగిన కళ్ళకు కాలువ మళ్ళీ కనిపించింది. ఈసారి నీళ్ళు తూము దాటి మడిలోకి మెల్లగా, చప్పుడు లేకుండా పరుచుకుంటున్నాయి. గట్టు మీద సూర్యుణ్ణి వీపున పెట్టుకుని అవ్వ.

“జమునా, తెల్లగున్న కండ్లు అవ్వకు పచ్చగ ఎట్ల కనవడ్డయే?” అన్నాడు. “నువ్వు గూడ గట్లనే అంటివి.”

జమున దుప్పటి సర్దింది.

“చెప్పొద్దని నాతోటి ఒట్టేయించుకున్నది. ముందుగాల నీ పానం గట్టిపడాలె, తన సంగతి తర్వాత అన్నది.”

“ఏం చెప్పొద్దన్నది?”

“అత్తమ్మకు ఏడాది సంది కండ్లే కనవడయ్.”