ఉమ్మడి గెలుపు

యంత్రాలు పేకాటలో మనిషిని మించిపోయాక, మనుషులు మాత్రమే ఆడే పోకర్ బల్లలకు గిరాకీ పెరిగింది. చెవిలో, కంట్లో ఏ యంత్రమూ లేదని గుమ్మంలోనే పరీక్షించి లోపలికి పంపుతారు. విశాఖలో అలాంటి బల్ల దగ్గర ఆడటమే రోహిణి ఉద్యోగం. ఆమెలా జీతానికి ఆడేవాళ్లంతా ఒక సంఘం; బయటివాళ్లతో ఆడిన ఆటల్లో వాళ్లందరి గెలుపూ ఓటమీ ఆ సంఘం ఖాతాలోనే పడతాయి. సంఘం అందరికీ నెలనెలా ఒకే జీతం ఇస్తుంది.

ఆ రోజు రోహిణి ఫ్లాటు కొనుక్కునేంత గెలిచింది. ఆట టీవీలో చూసిన అత్త కామాక్షమ్మ, కోడలు ఇంట్లోకి రాగానే అడిగింది.

"ఏమ్మా, అందులో మనకెంత?"

"జీతమే అత్తయ్యా."

"అయ్యో! ఆ సంఘం వదిలేసి సొంతంగా ఆడుకోరాదూ?"

దారిపొడవునా రోహిణి ఆలోచించిందీ అదే.

"నిరుడు వానాకాలమంతా ఓడిపోతూనే ఉన్నాను. అయినా పాప ఫీజు ఆగలేదు, మీ కంటి ఆపరేషనూ ఆగలేదు. అప్పుడు మనం తిన్నది ఎవరి గెలుపో!"

కామాక్షమ్మ కంచం పెడుతూ అంది.

"అయితే ఇవాళ నీ గెలుపు ఇంకెవరింట్లోనో అన్నమవుతుందన్నమాట."

"అంతే అత్తయ్యా."

"పోనీలే, కడుపునిండా తిననీ. నువ్వూ కాళ్లు కడుక్కునిరా, గుత్తివంకాయ చేశాను."

రోహిణి ఆ పూట మారు వడ్డించుకుని మరీ తింది.