పదకొండో ఇల్లు

మెసేజ్ చదవగానే సంధ్యకు ఒళ్లు మండింది.

'రేపు శనివారం పొద్దున పది గంటలకు బడి ఆవరణలో తల్లుల సమావేశం. అందరికీ చెప్పండి. మాస్కులు పెట్టుకుని రావాలి, దూరం దూరంగా కూర్చోవాలి. రజితను మీరే వెంట తీసుకురండి. ఆమె నాలుగు మాటలు మాట్లాడాలి. - లక్ష్మీరాజం సార్.'

"మాట్లాడాలట. మెంతికూర పెంచినందుకు మహారాణికి సన్మానం కాబోలు" అని గొణుక్కుంది.

కరోనాతో బడి మూతబడి పది నెలలు కావస్తోంది. పరాయి రాష్ట్రంలో, మగ్గాల పనికి వలస వచ్చినవాళ్లుండే లింబాయత్ పేటలోని ఆ చాలీ వరసలో ఒకే గోడకు ఆనుకున్న పన్నెండు ఇళ్లలో తెలుగు బడి పిల్లలున్నారు. మగవాళ్లు మగ్గాల మీదికి వెళ్లిపోయాక వాట్సాప్ ఉన్న ఫోన్ మిగిలేది సంధ్య దగ్గరే. సార్ ఏం పంపినా మిగతా పదకొండు గడపలూ తిరిగి ఆమే చెప్పాలి. చలి పెరిగింది గనక సార్ వారానికి రెండు రోజులు చాలీకే వచ్చి చెప్పే పాఠం ఇకనుంచి ఎనిమిదికి కాదు, తొమ్మిదికి. పిల్లలకు తలస్నానం ఎండెక్కాకే. తాగడానికి గోరువెచ్చని నీళ్లు. అన్నీ చెప్పింది. విసుక్కోలేదు.

విసుగు మెంతులతో మొదలైంది. పిల్లలంతా ఏదో ఒక డబ్బాలో మెంతులు చల్లి, మొలకలు ఎంత పెరిగాయో రోజూ రాయాలన్నాడు సార్. సంధ్య కొడుకు సాయికృష్ణ ముప్పూటలా నీళ్లు పోసి మొలకలన్నీ కుళ్లబెట్టాడు. పక్కింటి రజిత కూతురు మనోజ్ఞ పాత పెయింటు డబ్బాలో చల్లిన మెంతులు మాత్రం పచ్చగా, ఒత్తుగా లేచాయి. ఆ డబ్బాకు ఫొటో తీయాల్సింది సంధ్యే. పంపాల్సిందీ సంధ్యే. 'భేష్ మనోజ్ఞా, మీ అమ్మకు నా నమస్కారం చెప్పు' అని సార్ రాస్తే, వాళ్ల గడప ముందు నిలబడి పైకి చదవాల్సిందీ ఆమే. సాయికృష్ణ ఖాళీ డబ్బాకు ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది, అంతే.

తలుపు చప్పుడైంది. రజిత. చేతిలో మెంతికూర కట్ట.

"తొలి కోత అక్కా. సాయికి పప్పుల వెయ్యి."

"గా తలుపు కాడ పెట్టు."

రజిత పెట్టింది గాని కదల్లేదు. "సార్ ఏమన్న కబురు పంపిండా?"

ఈ వారంలో ఆమె అలా అడగడం ఇది నాలుగోసారి. అంటే ముందే తెలుసన్నమాట. సన్మానం కోసం దినాలు లెక్కపెట్టుకుంటోంది.

"ఏం పంపలే. గిన్నిసార్లెందుకు అడుగుతున్నవ్?"

"ఊకెనే." రజిత నవ్వింది. "శనివారం మీటింగుంటే ఉంటదన్నడు. రేపు నేను మార్కెట్ల చీరలిచ్చి రావాలె. మీటింగుందంటే పోను."

"లేదు. నువ్వు నిమ్మళంగ పో."

మాట ఎంత సులువుగా వచ్చిందంటే, సంధ్యకే ఆశ్చర్యమేసింది.

ఆ సాయంత్రం ఏ గడపకూ వెళ్లలేదు. తెల్లవారి, లేసు కుట్టిన చీరల మూట ఎత్తుకుని రజిత ఆటో ఎక్కేదాకా కిటికీలోంచి చూసింది. ఆటో మలుపు తిరిగాక చెప్పులేసుకుని, మిగిలిన పది ఇళ్లూ గబగబా తిరిగింది.

"గిప్పుడా చెప్పేది?" అంది మనవడికి స్వెట్టర్ తొడుగుతున్న బాలవ్వ. "రజితకు చెప్పినవా మరి?"

"నేనొచ్చేసరికే పోయింది."

అది అబద్ధం కాదు గదా అనుకుంది.

బడి ఆవరణలో సున్నంతో గీసిన గళ్లలో తల్లులు కూర్చున్నారు. సంధ్య ముందు గడిలో, పెళ్లికి కట్టే చీరలో కూర్చుంది. బల్ల మీద ఒక శాలువా మడత పెట్టి ఉంది. దాన్ని చూసినకొద్దీ ఆమెకు మనసు చల్లబడింది. కప్పించుకునే మనిషి ఇప్పుడు ఎక్కడో చీరలు లెక్కపెట్టి ఇస్తోంది.

సార్ రెండుసార్లు గేటు వైపు చూశాడు.

"సంధ్యమ్మా, రజితమ్మ ఏది?"

"ఆమెకు పనున్నదట సార్. మార్కెట్‌కు పోయింది."

సార్ ముఖం చిన్నబోయింది. "అట్లనా? గీ సభ పెట్టమని నా ఎంబడి పడ్డదే ఆమె."

తన సన్మానం తనే అడుక్కుందా అనుకుంది సంధ్య. మాస్కు వెనక నవ్వొచ్చింది.

"మీరు జర ముందటికి రండి" అన్నాడు సార్.

రజితకు బదులు శాలువా తీసుకుపొమ్మంటాడేమోనని సంధ్య అయిష్టంగానే లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. సార్ శాలువా విప్పి ఆమె భుజాల మీదే కప్పాడు. ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపు వెనక అందరూ చప్పట్లు కొట్టారు.

"దీన్ని రజితమ్మ చేతులతోనే కప్పించాలనుకున్న" అని, సార్ జేబులోంచి మడత చీటీ తీశాడు. "మొన్న పాఠానికి వచ్చినప్పుడు నా చేతిలో పెట్టింది. ఆమె రాలేదు గనక నేనే చదువుత."

కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"సార్, ఫోన్ లేని మా పదకొండు ఇండ్లకు సంధ్యక్కనే బడి. చలి అనలే, రోగం అనలే, ఇల్లిల్లు తిరిగింది. గిన్ని నెలల్ల మీరు పంపినదాంట్ల ఆమె మాకు చెప్పకుండ దాచిన కబురు ఒక్కటి గూడ లేదు."