మధ్యలో లేని పువ్వు

“అమ్మడానికి నాకేం ఇబ్బంది లేదండి. కొన్నాక మీరే బాధపడతారు,” అన్నాడు ఉదయభాస్కర్, కొత్త ఫోనును అద్దాల బల్ల మీద పెడుతూ. రాజమండ్రిలో సెల్ షాపు పెట్టాక, కొనడానికి వచ్చిన మనిషిని ఆయన వద్దనడం ఇదే మొదలు.

“నేనూ అదే మొత్తుకుంటున్నానండి,” అంది ఆశాజ్యోతి. తల్లి ఫోన్ చేసి రమ్మంటే అదే ఊళ్ళోని కాలేజీ నుంచి క్లాసు వదులుకుని వచ్చింది. “పోయినేడు ఇక్కడే కొన్నాం కదమ్మా. దీనికేమైంది?”

“చెప్పాను కదే. సరిగ్గా కనబడట్లేదు. మధ్యలో మసకేస్తోంది,” అంది సంపూర్ణమ్మ.

సంపూర్ణమ్మ నరసాపురంలో లేసు అల్లుతుంది. ఏజెంటు డిజైన్లు వాట్సాప్‌లో పంపుతాడు. ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసుకుని, చూస్తూ అల్లాలి. కొంతకాలంగా ఆమె అల్లినవన్నీ తిరిగి వస్తున్నాయి. రేకులు తప్పుతున్నాయని చెప్పి ఏజెంటు ఈమధ్య పని ఇవ్వడమే మానేశాడు.

ఉదయభాస్కర్ ఆమె పాత ఫోనును గుడ్డతో తుడిచి, వెలుగు బాగా పెంచి చూశాడు.

“చిన్న మచ్చ కూడా లేదండి. శుభ్రంగా ఉంది.”

“మరి కొత్తదాంట్లో ఏముంది బాబూ?”

“నిజం చెప్పాలంటే ఏమీ లేదండి. రంగు మార్చారు, కెమెరా కాస్త పక్కకి జరిపారు. స్క్రీన్ అదే. పేరు చివర నంబరు పెరిగిందంతే.”

“అదేంటి బాబూ. అంత పెద్ద కంపెనీ వాళ్ళు ఊరికే కొత్తది తెస్తారా? స్క్రీన్ ఏదో బాగుచేసే ఉంటారు. మీరింకోసారి చూడండి.”

ఆ గొంతులో బతిమాలడం విని ఆశాజ్యోతికి సిగ్గేసింది. “అమ్మా, ఆయన చెప్తున్నారు కదా. పద వెళ్దాం.”

ఉదయభాస్కర్ విసుక్కోలేదు. ఏజెంటు చివరిసారి పంపిన లేసు ఫోటోను రెండు ఫోన్లలోనూ తెరిచి పక్కపక్కనే పెట్టాడు. “మీరే చూసి చెప్పండి. ఏది బాగుంది?”

సంపూర్ణమ్మ కొత్త ఫోను చేతిలోకి తీసుకుంది. దగ్గరగా పెట్టుకుంది. దూరంగా పట్టుకుంది. తల పక్కకు తిప్పి, ఓరగా చూసింది. తర్వాత మెల్లిగా బల్ల మీద పెట్టేసింది.

“చుట్టూ ఆకులున్నాయి. ఇందులోనూ మధ్యలో పువ్వు లేదు,” అంది.

ఆశాజ్యోతి ఆ ఫోనందుకుంది. పువ్వు ఉంది. దారం దారం లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది.

“ఇంతకన్నా పెద్దదేమైనా ఉందా బాబూ?”

ఉదయభాస్కర్ షాపులోకల్లా పెద్ద ఫోను తీసి ఇచ్చాడు. ఆమె అందులోనూ చూసింది. తల అడ్డంగా ఊపి తిరిగి ఇచ్చేసింది.

“అమ్మగారూ, ఏ మోడలు తీసుకున్నా ఇంతేనండి,” అన్నాడు చివరికి, ఆమె ముఖంలోకి చూడకుండా. “లోపం ఫోనులో లేదు. ఒకసారి కళ్ళు చూపించుకోండి.”

ఆశాజ్యోతి గబుక్కున తల్లి చెయ్యి పట్టుకుంది. “నాకు ముందే చెప్పొచ్చు కదమ్మా. పద, ఇప్పుడే కంటాసుపత్రికి పోదాం. అద్దాలు రాస్తారు, లేదా చుక్కల మందిస్తారు. తగ్గిపోతుంది.”

సంపూర్ణమ్మ కదల్లేదు. కూతురి చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని నిలబడింది.

“నేను అక్కణ్ణించే వస్తున్నానే. పోయిన చూపు రాదంట, ఉన్నది నిలవదంట. ఫోనే పాడైందని ఇక్కడ ఒక్కళ్ళన్నా అంటారేమోనని వచ్చాను.”