రంగు మారిన పట్టీ

"ఎవడివిరా నువ్వు? తలుపు ఇడుస్తవా లేదా?"

హమాలీ హన్మాండ్లు అరుపుకు పెర్కిట్ గోదాం ముందు కూర్చున్న తోటి హమాలీలంతా లేచి వచ్చారు.

మక్కజొన్నల గోదాం తలుపుకు వీపు ఆనించి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు ఒక ముసలాయన. నలిగిన తెల్లచొక్కా, భుజాన సంచి. ఎవరికీ తెలిసిన మనిషి కాదు. గోదాములు చూస్తానంటూ పొద్దుటి నుంచీ అక్కడే తిరుగుతున్నాడు.

"ఇడువ. ఎవ్వల్నీ లోపలికి పోనియ్య," అన్నాడాయన.

ముందురోజే మక్కల బస్తాల కింద విషవాయువు వదిలే పురుగు మందు మాత్రలు పెట్టి, గాలి చొరకుండా పైన తాటిపత్రి పట్టా కప్పారు. వారం దాకా తలుపు తెరవకూడదు. కానీ కమీషన్ ఏజెంటు నారాయణదాస్‌కు సరుకు ఇవాళే పోవాలి. లారీ వచ్చి నిలబడింది.

తలుపు సందులో పెట్టి తీసిన వేలెడు పట్టీని ముసలాయన పైకెత్తి చూపించాడు.

"జర గీ పట్టీ చూడు తమ్మీ. పొద్దుగాల నెమలి మెడ లెక్క నీలంగ ఉండె. గిప్పుడు ఎర్రగైంది. లోపల గ్యాస్ నిండింది."

"రంగు పూసుకొచ్చి మమ్మల్ని బెదిరిస్తున్నవా?"

"దీంట్ల రంగే లేదు. నెమలి ఈకను నూరి చూడు, నీలం రాదు, మసి లెక్క పొడి వస్తది. గా ఈకల సన్నసన్నని పొరలుంటయి. వెలుతురు వాటి మీద పడితె మన కండ్లకు నీలంగ కనవడ్తది. దీన్ని గట్లనే చేసిండ్రు. గ్యాస్ సొచ్చిందంటె పొరలు ఉబ్బుతయి, రంగు మారుతది."

"నెమలి కథలు జెప్తున్నవా మాకు!"

నారాయణదాస్ కుర్చీలోంచి లేవకుండానే కేకేశాడు.

"హన్మాండ్లూ, గా పిచ్చోనితోని ముచ్చటేంది? వానినెవడో నా మీద కోపమున్నోడు పంపిండు. లారీ ఖాళీగ పోయిందంటె రేపటి సంది మీరు రావద్దు!"

హన్మాండ్లుకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులుగా పని లేదు. వచ్చిన పనికి ఈ ముసలోడు అడ్డం.

"ఎల్లిగడ్డ వాసన, గా గ్యాస్ వాసన గొడ్తలేదా తమ్మీ నీకు?"

"గది మాకు రోజూ గొట్టేదే!"

హన్మాండ్లు ఆయన చొక్కా పట్టి గుంజాడు. ముసలాయన గొళ్లెం వదల్లేదు. హన్మాండ్లు ఆయన చెంప మీద ఒక్కటిచ్చాడు.

ఆయన కింద పడ్డాడు. పెదవి చిట్లింది. మట్టిలో పడ్డ పట్టీని హన్మాండ్లు కాలితో తొక్కి నలిపాడు.

"గంగాదాస్, పోయి తాటిపత్రి గుంజు," అని తమ్ముడికి పురమాయించాడు.

గంగాదాస్ తలుపు తీసుకుని లోపలికి పోయాడు. తాటిపత్రి గుంజిన చప్పుడు వినిపించింది. తర్వాత దగ్గు. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

"తమ్మీ! ఓ గంగాదాస్!"



హన్మాండ్లు తలుపు దాకా ఉరికాడు. ఘాటుకు గొంతు పట్టేసి వెనక్కి పడ్డాడు. మిగతావాళ్లెవరూ కదల్లేదు. నారాయణదాస్ మాత్రం కుర్చీలోంచి లేచి కారు వైపు నడిచాడు.

ముసలాయన నెత్తురు తుడుచుకుని లేచాడు.  తువ్వాల ముక్కుకు చుట్టుకుని లోపలికి పోయాడు.

చాలాసేపటికి బయటికి వచ్చాడు. గంగాదాస్‌ను చంకల కింద పట్టి, ఈడ్చుకుంటూ, వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చాడు. గడప దాటగానే కూలిపోయాడు.

"పిల్లగాన్ని గాలికి... జల్ది," అన్నాడు. అంతే.

నిజామాబాద్ దవాఖానలో సాయంత్రానికి గంగాదాస్ కళ్లు తెరిచాడు. ముసలాయన తెరవలేదు.

నారాయణదాస్ వచ్చి హన్మాండ్లును పక్కకు పిలిచాడు.

"గుండె ఆగి సచ్చిండని చెప్పుండ్రి. ఎట్లయిన ముసలోడే గదా."

హన్మాండ్లు ఆయన కాలర్ దొరకబట్టుకున్నాడు.

"గా మాత్రలు ఎవ్వడు పెట్టిచ్చిండో, తలుపు ఎవ్వడు తీయిచ్చిండో అంతా పోలీసోళ్లకు జెప్త. ఆయిన్ని గొట్టింది నేనేనని గూడ జెప్త. నన్ను జైల్ల ఏసినా సరే, నిన్ను ఇడువ సేటూ!"

ముసలాయన సంచిలో దొరికిన నంబరుకు పోలీసులు ఫోన్ చేస్తే హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు సాహితి. శవం మీది గుడ్డ తీసి చూసి, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

హన్మాండ్లు చేతులు జోడించాడు.

"బిడ్డా, గీయిన పెద్ద సైంటిస్టా?"

"కాదన్నా. పట్టీ తయారు చేసింది మా ల్యాబ్‌ల. ఇంకా పరీక్షలు నడుస్తున్నయి. ఆగమంటె ఆగకుండ, ఆయన వాటిని పట్టుకొని ఊరూరి గోదాములు తిరుగుతుండె."

హన్మాండ్లు పోలీసుల పక్కన నిలబడ్డ నారాయణదాస్ వైపు తిరిగాడు. కళ్లు నిప్పులు కురిశాయి.

"నాకెరుకైంది. గీయిన మా లెక్కనే మూటలు మోసినోడు. హమాలోని పానం విలువ హమాలోనికే ఎరుక. గీ సేటులకేం దెల్సు!"

సాహితి తల అడ్డంగా ఊపింది.

"ఆయన గూడ సేటేనన్నా... తన గోదాంల గిట్లనే జల్ది తలుపు తీయించి ముగ్గురు హమాలీల ప్రాణాలు తీసినంక, ఉన్న గోదాములన్నీ అమ్మి మాతోని గీ పట్టీ చేయిస్తుండె."