ఆరో రాయి

"వాళ్ల చేతుల్లో గునపాలెందుకు?" కారు దిగకుండానే అడిగారు ఎమ్మెల్యే సంజీవరావు.

పీఏ అద్దంలోంచి చూశాడు. పొలాల నీరు పోయే మురుగుకాలువ గట్టు మీద నలభై మంది నిలబడి ఉన్నారు. వేసిన కుర్చీల్లో ఒక్కరూ కూర్చోలేదు. ఒకడి భుజాన మోకు చుట్ట ఉంది.

"దిమ్మె కట్టడానికి తెచ్చుంటారండి."

"దిమ్మె కట్టి, రాయి కూడా నిలబెట్టామన్నావుగా నిన్న."

పీఏ దిగి వెనక తలుపు తీశాడు.

సంజీవరావు వరసగా ఆరుసార్లు గెలిచారు. మొదటిసారి గెలిచాక ప్రతి ఎన్నికల ముందూ ఈ కాలువ మీద వంతెనకు శంకుస్థాపన చేశారు. ఇది ఆరోది. 2004 ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయి.

గన్‌మన్‌ను ముందు నడవమని ఆయన దిగారు. జనం దారి ఇచ్చారు. దండ లేదు, జిందాబాద్ లేదు. వంతెన ఏదని అడిగినవాడూ లేడు. ఆయనకు నచ్చనిది అదే. తిట్టేవాళ్లకు సర్దిచెప్పడం ఆయనకు వచ్చు.

దిమ్మె పక్కన శౌరయ్య ఉన్నాడు. పోయిన వానల్లో పాము కరిచిన అతని భార్య అమలమ్మ, పడవ కోసం చూస్తూ ఈ గట్టు మీదే పోయింది. అవతలి గట్టెక్కితే చల్లపల్లి ఆసుపత్రి పావుగంట. ఇప్పుడు కూతురు బ్లెస్సీకి నెలలు నిండాయి.

"అమ్మాయెలా ఉంది శౌరయ్యా?"

"ఈ వారమే అంటున్నారండి."

"ఈసారి వంతెన వచ్చేస్తుందిలే."

"వస్తుందండి." శౌరయ్య నవ్వలేదు.

సంజీవరావు పక్కకు చూశారు. పాత దిమ్మెలు ఐదూ తలలు తెగినట్టు బోసిగా ఉన్నాయి.

"నా పేరున్న రాళ్లేవి? పగలగొట్టారా?"

"అయ్యో, ఎంత మాటండీ. పెచ్చు కూడా ఊడనివ్వలేదు."

"మరెక్కడున్నాయి?"

"జాగ్రత్తగానే ఉన్నాయండి."

"రాయి నాలుగడుగులుండాలని, మందంగా ఉండాలని కబురు పెట్టింది నువ్వేనటగా?"

"మీ పేరు కదండీ. గట్టిదాని మీదుండాలి."

వెనక నుంచి ముసలి రావమ్మ అంది: "తొరగా కానియ్యండయ్యా, పొద్దుపోతంది. మాకు పనుంది."

ఎవరి గునపమో రాతికి తగిలి ఠంగుమంది. గన్‌మన్ చెయ్యి తుపాకి మీదికి పోయింది.

సంజీవరావు తెర లాగారు. నల్లరాయి ఎండకు మెరిసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నలభై మందీ ఆ రాయినే చూస్తున్నారు. దాని మీదున్న అక్షరాలను ఎవరూ చదవడం లేదు. శవపేటికకు కొలత తీసుకునే వడ్రంగి చూపు అది. ఆయన ప్రసంగం కాగితం మడిచి జేబులో పెట్టుకుని కారెక్కారు.

"పోనియ్."

జనం వెంటపడలేదు. రాయి చుట్టూ మూగారు. మొదటి గునపం దెబ్బ వినిపించింది.

"చూశావా, పీకేస్తున్నారు. ఎస్సైకి ఫోన్ చెయ్యి. ఒక్కణ్ణీ వదలొద్దను."

పీఏ ఫోన్ తీశాడు కానీ నొక్కలేదు. కారు గట్టు మలుపు తిరిగింది. అడ్డంగా ఉన్న జమ్ము తప్పుకుని కాలువ కనిపించింది.

నీళ్లలో పాతిన తాటిమొద్దుల మీద సంజీవరావు పేరున్న ఐదు రాళ్లు వరసగా పరిచి ఉన్నాయి. ఐదో రాయికీ అవతలి గట్టుకీ మధ్య సరిగ్గా ఒక్క రాయి పట్టేంత ఖాళీ ఉంది.