మామూలు గడ్డ

“మామూలు గడ్డకు కోత యాలరా?” అంటూ సరోజమ్మ ఆపరేషన్ కాగితాన్ని మంచం మీద నుంచి నెట్టేసింది.

కొడుకు యువరాజ్ వంగి తీసుకున్నాడు. పొద్దున్నుంచి అలా వంగడం మూడోసారి.

పుంగనూరులో స్కానింగ్ చూసి క్యాన్సర్ అనుమానం అన్నారు. మదనపల్లెలోనూ అదే మాట. ఇక్కడ కుప్పం ఆసుపత్రిలో సూదితో ముక్క తీసి పరీక్ష చేశాకే కాదని తేలింది. ఇంకొకరైతే వెయ్యి దేవుళ్లకు మొక్కేవాళ్లు. సరోజమ్మ నమ్మితే కదా!

డాక్టర్ మాధవి స్కాన్ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించింది. “ఇదిగోమ్మా గడ్డ. ఫిల్ములో అచ్చం క్యాన్సర్ లాగే కనిపిస్తుంది, కాదు. పులివేషం కట్టిన మేక అనుకో. కానీ పేగును నొక్కేస్తోంది. ఈరోజే తీయాలి, లేకపోతే ప్రాణానికి ముప్పు.”

“మేకయితే ఇంత తొందర యాలమ్మా?”

డాక్టరమ్మ యువరాజ్ వైపు చూసి, నువ్వే ఒప్పించు అన్నట్టు తల ఊపి వెళ్లిపోయింది.

“నీ మింద ఒట్టు మా. క్యాన్సర్ కాదు,” అన్నాడు యువరాజ్.

“నన్ను బెంచీ మింద కూర్చోబెట్టి నువ్వు ముందు లోపలికి పోయినావే, ఏం మాట్లాడొచ్చినావు?”

“రిపోర్టు వచ్చిందా అని అడిగినా. అంతే.”

“మీ నాయనప్పుడు నేనూ అట్లే ముందు పోయినా. డాక్టరు చేతులు పట్టుకోని, ‘ఆయనకు మామూలు గడ్డేనని చెప్పండి సార్’ అన్నా. బయటికొచ్చి ఆయన తల మిందే ఒట్టు పెట్టినా.”

యువరాజ్ తండ్రి మునిరత్నం క్యాన్సర్‌తో పోయి రెండేళ్లు. అందరిళ్లలో చేసేదే ఆమె కూడా చేసింది, ఎవరూ తప్పు పట్టలేదు. ఇప్పుడు కొడుకు చెప్పే నిజాన్ని ఆ ఒట్టే మింగేస్తోంది.

సరోజమ్మ పచ్చగా కక్కుకుంది. కడుపు ఉబ్బి బిగుసుకుపోయింది. నర్సు పరుగెత్తుకొచ్చి చూసి, “ఇంక ఆలస్యం చేస్తే మా చేతుల్లో ఉండదన్నా,” అంది.

“నిజం చెప్పరా,” అంది సరోజమ్మ రొప్పుతూ. “నిజం చెప్తే యాడ ఏయమంటే ఆడ ఏలిముద్ర ఏస్తా.”

యువరాజ్ రిపోర్టును మడిచి జేబులో పెట్టుకున్నాడు. తల్లి మొహం చూడలేక నేల చూశాడు.

“క్యాన్సరే మా.”

ఏడుపు మాత్రం నిజంగానే వచ్చింది.

సరోజమ్మ కొంగుతో కొడుకు కళ్లు తుడిచింది. బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద గట్టిగా ఒత్తింది.

“మామూలు గడ్డకు కోత యాలని మీ నాయన గూడా ఇట్లే కాగితం ఇసిరేసినాడురా,” అంది. “ఆ పొద్దు నీ మాదిరి నేనూ నిజం చెప్పింటే, ఆయన బతికింటాడు.”