దేవుడి బొమ్మ కాగితాలు

కాలింగ్ బెల్ మోగింది.

దమయంతి తలుపు కన్నంలోంచి చూసింది. భర్త హనుమయ్య. ఆయన వెనక మళ్ళీ వాళ్ళిద్దరే. తెల్ల చొక్కాలు, నల్ల టైలు, జేబుల మీద పేరు బిళ్ళలు.

తలుపు జానెడు తీసి భర్తను లోపలికి లాక్కుంది.

"మేడమ్, ప్లీజ్, వన్ మినిట్..." అన్నాడు పొడుగ్గా ఉన్న కుర్రాడు.

"నో నో. గో!"

ఆమెకు వచ్చిన ఇంగ్లీషు అంతే. ఈ పనికి అది చాలు. తలుపు వేసేసింది.

అమెరికాలో ప్లెయిన్స్‌బరోలో ఉండే కూతురు ఉజ్వల దగ్గరికి వచ్చి మూడు నెలలైంది. మొదటి నెల బాగానే గడిచింది. తర్వాతే ఈ మతప్రచారం పిల్లలు ఆయన్ని పట్టుకున్నారు. పొద్దున్నే ఒక్కడూ వాకింగ్‌కి వెళ్ళే మనిషి, వచ్చేటప్పుడు వాళ్ళతో వస్తున్నాడు. చేతిలో ఓ కాగితం. దాని మీద గొర్రెపిల్లని ఎత్తుకున్న ఏసుప్రభువు బొమ్మ.

"ఏం నూరిపోస్తున్నారండీ మీకు?"

"ఏం లేదే. ఊరికే కలిశారు," హనుమయ్య బూట్లు విప్పుకుంటూ అన్నాడు. "ఆ పొడుగు అబ్బాయి పేరు తియాగో. బ్రెజిల్ నుంచి వచ్చాడట. రెండేళ్ళు ఇక్కడే సేవ చెయ్యాలిట. ఇంటికి వారానికి ఒక్కసారే ఫోను. వాళ్ళమ్మ చేతి అన్నం తిని ఏడాదైందిట, పాపం."

"అదిగో, పాపం అనిపించారుగా! అలాగే మొదలవుతుంది."

ఆయన బూట్లు పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. అలా తప్పించుకోవడమే ఆమెకు అనుమానం.

ఆ కాగితంతోనూ పెద్ద చిక్కే. చించడానికి చెయ్యి రాదు. ఎవరి దేవుడైతేనేం, దేవుడి బొమ్మని చెత్తబుట్టలో ఎలా వేస్తుంది? బొమ్మకి ఓ దండం పెట్టి, ఫ్రిజ్ మీదున్న బిస్కెట్ల డబ్బాలో పడేసి మూత బిగించేది.

'స్వామీ, నీ మీద నాకేం కోపం లేదు. మా ఆయన్ని మాత్రం వదిలెయ్,' అనుకునేది.

ఆ స్వామి వదిలేటట్టు లేడు.

ఓ రోజు హనుమయ్య స్నానం చేసి, బొట్టు పెట్టుకోకుండానే టిఫిన్‌కి కూర్చున్నాడు. ఓ శనివారం రాత్రి అన్నం పెట్టమన్నాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన శనివారాలు ఒంటిపూటే! ఇంకోరోజు పూజలో, నలభై ఏళ్ళుగా చదివే శ్లోకం సగంలో ఆపేసి గోడకేసి చూస్తూ నిలబడిపోయాడు.



"మనిషిని మెల్లగా లాగేస్తున్నారే. ఇక ఈయన నాకు దక్కరు," అంది కూతురితో.

"అమ్మా, ఓవర్‌గా థింక్ చేస్తున్నావు. నాన్నని అడిగావా?"

"అడిగితే తల దించుకుంటున్నారు, తప్పు చేసినవాడిలా. నువ్వు అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ళకి రాస్తావా, నన్ను టికెట్ మార్చుకుని వెళ్ళిపోమంటావా?"

సోమవారం పొద్దున్నే ఉజ్వల లీజింగ్ ఆఫీస్‌కి, ఆ పిల్లల్ని లోపలికి రానివ్వద్దని రెండు లైన్ల మెయిల్ కొట్టింది.

పదకొండింటికి ముగ్గురూ వస్తుంటే ఆఫీసావిడ ఎదురెళ్ళి ఆపడం దమయంతి కిటికీలోంచి చూసింది. తియాగో ఏదో చెప్పబోయాడు. ఆవిడ చెయ్యెత్తి గేటు చూపించింది. కాసేపటికి హనుమయ్య ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు, చేతిలో కాగితంతో.

'ఇదే ఆఖరుది,' అనుకుని దమయంతి దాన్ని కూడా డబ్బాలో వేసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మంగళవారం తొమ్మిదింటికి వాకింగ్‌కి వెళ్ళిన హనుమయ్య పన్నెండైనా రాలేదు.

ఆయన ఫోను చూస్తే ఛార్జర్‌కే ఉంది. ఉజ్వల కార్‌లో కాంప్లెక్స్ అంతా రెండుసార్లు తిరిగి వచ్చింది. ఎక్కడా లేడు.

"వాళ్ళే! వాళ్ళ చర్చికి ఎత్తుకుపోయారు!" దమయంతి డబ్బా దించి కాగితాలన్నీ టేబుల్ మీద కుమ్మరించింది. "వీటి మీద నంబరుంటుంది. ఫోన్ చెయ్యి. పోలీసుల్ని పిలుస్తామని చెప్పు!"

ఉజ్వల నంబరు కోసం ఓ కాగితం వెనక్కి తిప్పింది. నీలం పెన్నుతో ఇంగ్లీషులో చేతిరాత ఉంది. చదివింది. ఇంకోటి తిప్పింది. ఆ తర్వాత ఇంకోటి.

"ఏమే, నంబరుందా?"

"అమ్మా... ఇవి నీకు రాసినవి."

"నాకా?"

"'మేడమ్, ఈరోజు సార్ లైబ్రరీ పక్క బస్‌స్టాప్‌లో కూర్చుని ఉన్నారు. ఇల్లు గుర్తు రాలేదన్నారు. తీసుకొచ్చాం. దయచేసి డాక్టర్‌కి చూపించండి.' ఇది పదో తారీఖుది. ఇది పన్నెండుది." ఉజ్వల మిగతావి గబగబా తిప్పి చూసింది. "అన్నీ ఇవేనమ్మా. అన్నిట్లో అదే బస్‌స్టాప్."

దమయంతి చేతికందిన కాగితాలు గుప్పిట పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కింది.

హనుమయ్య ఆ బెంచీ మీదే ఉన్నాడు. భార్యను చూసి లేచాడు. తర్వాత ఆమె వెనక్కి చూశాడు.

"ఆ పిల్లలు రాలేదేం? ఇందాకణ్ణుంచీ చూస్తున్నాను."

బొట్టు లేని ఆ నుదురు చూస్తుంటే దమయంతికి ఏడుపు ఆగలేదు. ఆయన మర్చిపోయాడు. అంతే. ఎవరూ ఆయన్ని లాగెయ్యలేదు.

"వీటి మీదున్న నంబరుకి చెయ్యవే," అంటూ కూతురికి కాగితాలు అందించింది. "ఆ బాబుని ఇంటికి రమ్మను. కడుపునిండా అన్నం పెడతాను."

ఉజ్వల మాట్లాడి ఫోను దించింది.

"కంప్లయింట్ వచ్చిందని పొద్దున్నే ఇద్దర్నీ వేరే స్టేట్‌కి పంపేశారట, అమ్మా."

దమయంతి గుప్పిట్లో నలిగిన కాగితం ఒకటి మిగిలి ఉంది.

"ఇది నిన్నటి తారీఖుది. ఇందులో ఏముందే?"

ఉజ్వల దాన్ని సాపు చేసి, నెమ్మదిగా చదివింది.

"'మేడమ్, ఇకనుంచి మమ్మల్ని లోపలికి రానివ్వరు. దయచేసి సార్‌ని ఒంటరిగా పంపకండి.'"